పిడికెడు

జలాల్-అబాద్ పెద్దాసుపత్రిలో
డాక్టరమ్మ మా ఆయన చెయ్యి పట్టుకుని
గోళ్ళు చూసి ఉలిక్కిపడింది.
నల్లగా ఉన్నాయి, పదికి పదీ.
నర్సును కేకేసి
ఆక్సిజన్ గొట్టం తెమ్మంది.
"జబ్బు కాదమ్మా, అక్రోటు తొక్క మరక" అన్నాను,
నా రెండు చేతులూ ఆవిడ బల్ల మీద పరిచి.
అక్టోబరులో మా కొండ మీద
పెళ్ళికూతురి చేతులైనా ఇంతే.

ఆవిడ నవ్వింది.
మిషను నవ్వలేదు.
కాగితం మీద గీతలు గీసుకుంటూ పోయింది
అర్స్లాన్‌బాబ్ ఘాటు దారిలా,
ఎక్కుతూ, జారుతూ,
ఒకచోట ఎందుకో తటపటాయిస్తూ.

"చెట్టెక్కొద్దు.
గొర్రె కొవ్వు తగ్గించు, ఉప్పు తగ్గించు.
మాత్రలు మానకు.
రోజూ ఓ పిడికెడు అక్రోటు పప్పు తిను,
గుండెకు మంచిది."

ఎర్గాష్ చాలాసేపు నేల చూశాడు.
మీసం రాకముందు నుంచీ చెట్లెక్కినవాడు,
కొమ్మ చివర నిలబడి
అడవి నెత్తిన వడగళ్ళు కురిపించినవాడు,
చివరికి ఒక్కటే అడిగాడు:
"ఎవరి పిడికెడు? నీదా, నాదా?"

నిజం చెప్పొద్దూ,
మా ఇంట్లో అక్రోటు తినేది కాదు, అమ్మేది.
రాత్రుళ్ళు గుడారంలో లాంతరు చుట్టూ కూచుని పగలగొడతాం.
చిన్న సుత్తి, చదును రాయి.
నడినెత్తిన కొట్టకూడదు.
అంచు మీద తట్టాలి,
నిద్రలో ఉన్న పసివాణ్ణి లేపినట్టు.
రెండు సగాలూ విడిపోకుండా బయటికొస్తే
దాన్ని సీతాకోకచిలుక అంటాడు వ్యాపారి.
పాల రంగుదైతే ఒక ధర,
తేనె రంగుదైతే ఒక ధర,
రెక్క విరిగితే అందులో సగం.
నుగ్గయితే మాది.

నలభై ఏళ్ళలో నేను
ఒకే ఒక్క నిండు సీతాకోకను నోట్లో వేసుకున్నాను.
మూడోవాడు కడుపులో ఉన్నప్పుడు, దొంగతనంగా.
అదీ కనరెక్కిన పప్పు.

మా పెట్టెలు సముద్రాలు దాటతాయట.
ఎక్కడెక్కడో ఎవరెవరి గుండెలో
మా పప్పుతో కొట్టుకుంటున్నాయి కాబోలు.
గుండెకాయ అంటారు గానీ
దానికి పెంకేదీ?

ఈ ఏడు చెట్టెక్కింది మా మరిది కొడుకు మిర్జోహిద్.
ఈయన కింద గొంగళి మీద కూచుని
"ఎడమ కొమ్మ, ఒరే, ఎడమ!" అని అరుపులు.
పైన పుల్ల చిటుక్కుమంటే చాలు
చెయ్యి ఛాతీ మీదికి పోతుంది.
ఎక్కినన్నాళ్ళూ ఆ చెయ్యి
కొమ్మనే పట్టుకుంది,
గుండె ఎక్కడుందో దానికి తెలియదు.

మొదటి రాత్రి పళ్ళెంలో
నిండు పప్పులు పెట్టిచ్చాను.
ఒక్కొక్కటీ లాంతరుకు ఎత్తి చూశాడు,
ఒక్కొక్కటీ తీసుకెళ్ళి సంచిలో వేశాడు.
అడుగునున్న నుగ్గు
అరచేతిలో దులుపుకుని నోట్లో పోసుకున్నాడు.
"సోమ్ నోట్లు నమిలినట్టుంది, నా వల్ల కాదు" అన్నాడు.
తిట్టాను. ఏడ్చాను కూడా.
వినే మనిషైతే
ఆ గీతలు అలా ఎందుకు పోతాయి.

రెండో రాత్రి నుంచి
సుత్తి కొంచెం గట్టిగా వేస్తున్నాను.
మంచివి ఏరుకుని,
పాల రంగువి, పలచటి పొరవి,
వాటి నడినెత్తినే.
"అయ్యో, ఇదీ పోయింది" అంటాను,
అటు తోస్తాను.
పోయినవి ఆయన తింటాడు.
ఇంటికి నష్టం కాకుండా తింటున్నానని
నిమ్మళంగా తింటాడు.

నిన్న తూకానికి వచ్చిన వ్యాపారి
విరిగిన పప్పు సంచి ఎత్తి చూసి,
"హోసియత్ అక్కా,
ఈ ఏడు నీ చెయ్యి పట్టు తప్పిందే" అన్నాడు.
"వయసు" అన్నాను, పద్దు వైపు చూస్తూ.

గుడారం గుమ్మంలో ఎర్గాష్ నములుతున్నాడు.
"దాని చెయ్యా?
దాని చెయ్యి ఎప్పుడు తప్పింది" అన్నాడు,
నా వైపు చూడకుండా,
నమలడం ఆపకుండా.